నల్ల గంబూట్లు, రబ్బరు కోటు: ఒక వానాకాలం డ్యూటీలో వాడాక

నల్లగొండ ప్రకాశం బజారులో పంపుసెట్ల బెల్టులు, హోస్ పైపులు, టార్పాలిన్లు అమ్మే పాత దుకాణం ఒకటి ఉంది. మృగశిర కార్తెకు రెండు రోజుల ముందు అక్కడ మూడు వస్తువులు కొన్నాను. మోకాళ్ల కిందిదాకా వచ్చే నల్ల రబ్బరు గంబూట్లు, రబ్బరు పూసిన గుడ్డతో కుట్టిన పొడుగు రెయిన్ కోటు, మోచేతులదాకా వచ్చే గ్లౌజులు. ఇప్పుడు హస్త కార్తె కూడా దాటింది. వానాకాలమంతా డ్యూటీలో వాడిన తర్వాతే ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ సగమే అవుతుంది. నేను పాల చిల్లింగ్ సెంటర్‌లో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. రబ్బరన్నా, రెయిన్ కోటన్నా నాకు ఇష్టం. వానకు తడవకుండా కాపాడతాయని మాత్రమే కాదు. రబ్బరు ఒంటిని పట్టుకునే తీరు, దాని బరువు, వాసన, నడుస్తుంటే వచ్చే చప్పుడు, అన్నీ నాకు హాయిగా ఉంటాయి. ఆ హాయిలో కోరిక కూడా కలిసే ఉంటుంది. దీన్ని ఫెటిష్ అంటారని ఈ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఇరవై ఏడేళ్ల వయసులో తెలిసింది. నాలో ఏదో లోపం ఉందని చాలా ఏళ్లు టెన్షన్ పడ్డాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో ఫెటిషిజం అనే జబ్బు లేదు, పాత జాబితాలో ఉన్నదాన్ని తీసేశారు. అది చదివిన రోజే నా భార్యకు చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "గిది చెప్పనీకి ఇన్నేండ్లు పట్టిందా నీకు?" అంది. ఆ మాటతో గుండెల మీది బరువు దిగిపోయింది.

డ్యూటీలో నాకొక పద్ధతి ఉంది. పనికి ఏది అవసరమో అదే వేసుకుంటాను. నా సంతోషం నా లోపలే ఉంటుంది, తోటివాళ్లను దాంట్లోకి లాగను. మా సెంటర్‌లో గంబూట్లు, ఏప్రాన్, గ్లౌజులు అందరికీ తప్పనిసరి కాబట్టి నేను ప్రత్యేకంగా కనిపించను కూడా. ఎనిమిది గంటలు తడి నేల మీద నిలబడే పని ఇది. నకిరేకల్ నుంచి తెల్లవారుజామున బండి మీద రావాలి. క్యాన్లు దించాలి, ట్యాంకర్లు కడగాలి, హోస్ పైపు పట్టుకుని నేలంతా నీళ్లు కొట్టాలి. ఇలాంటి పనికి పొద్దున్నే ఇష్టంగా బయల్దేరగలుగుతున్నానంటే సగం కారణం ఈ బట్టలే.

ఇంతకుముందు ఆన్‌లైన్‌లో ఒకచోట 'ప్యూర్ రబ్బర్' అని చూసి ఒక కోటు, బూట్లు తెప్పించుకుని మోసపోయాను. వచ్చినవి రెండూ పీవీసీ, అంటే ఒక రకం ప్లాస్టిక్. పెట్టె తెరవగానే ప్లాస్టిక్ వాసన వచ్చింది. ఆరు నెలలకు కోటు చంకల దగ్గర కుట్టు వెంబడి చిట్లింది. కోల్డ్ రూములోకి వెళ్తే బూట్లు బిగుసుకుపోయి మడమ పైన కోసుకునేవి. వాపసు అడిగితే గడువు దాటిందన్నారు. డబ్బు పోయినందుకు అంత బాధ లేదు. రబ్బరు అనుకుని ఎంతో ఆశగా ఎదురుచూసి, చేతిలోకి తీసుకున్న క్షణంలో కాదని తెలియడం మాత్రం చాలా బాధనిపించింది.

ప్రకాశం బజారు సేటుకు తేడా తెలుసు. "అసలు రబ్బరు బూట్లు కావాలె సేట్" అనగానే, కింద వరుసలో మెరుస్తున్న జతలను వదిలేసి, నిచ్చెన వేసుకుని పై అర నుంచి ఒక అట్టపెట్టె దించాడు. "ఇవి అడిగేటోళ్లు తక్కువ తమ్మీ. ఇట్ల చూడు" అని ఒక బూటును నడిమికి మడిచి వదిలాడు. మడత గీత మిగలకుండా నెమ్మదిగా లేచి నిలబడింది. పీవీసీ బూటును కరిగించి అచ్చులో ఒక్కసారే పోస్తారు కాబట్టి ఒంటి మీద అతుకు ఉండదు. రబ్బరు బూటు అలా కాదు. కాలి ఆకారంలో ఉన్న అచ్చు మీద రబ్బరు ముక్కలను ఒకదాని మీద ఒకటి చేత్తో పరిచి, అంటించి, ఆ తర్వాత వేడిలో ఉడికిస్తారు. బొటనవేలి మీద, మడమ చుట్టూ ఆ పట్టీల అంచులు వేలికి తగులుతాయి. నేను కొనేటప్పుడు ముందు తడిమేది ఆ అంచులనే. ఐఎస్ఐ ముద్ర కింద నంబరు కూడా చూసుకోండి. ఐఎస్ 5557 ఉంటే రబ్బరు, ఐఎస్ 12254 ఉంటే పీవీసీ.

బూట్లకు తొమ్మిది వందల యాభై తీసుకున్నాడు. పీవీసీ జత అందులో సగానికే వస్తుంది. పైకి లాక్కుంటున్నప్పుడు లోపలి గాలి బుస్సుమంటూ బయటికొస్తుంది, తర్వాత పిక్కను మెత్తగా పట్టుకుంటుంది. నాలుగు డిగ్రీల కోల్డ్ రూములో గంట పనిచేసినా మెత్తదనం పోదు. నేల మీద జారలేదు. తడి గచ్చు మీద నడుస్తుంటే వచ్చే కిర్రుమనే చప్పుడు నాకు షిఫ్టంతా తోడుంటుంది. లోపలి గుడ్డ మాత్రం త్వరగా చెమట వాసన పడుతోంది, రెండు జతల మేజోళ్లు మార్చుకుంటున్నాను.

కోటు గురించి ఎంత చెప్పినా తక్కువే. రెండు నూలు గుడ్డల మధ్య పలుచటి రబ్బరు పొర. చార్లెస్ మాకింటోష్ 1823లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇదే, నాఫ్తా అనే నూనెలో కరిగించిన రబ్బరును రెండు గుడ్డల మధ్య పూసేవాడు. ఆ మొదటి కోట్లు ఎండకు జిగురుగా మారేవి, చలికి బిగుసుకునేవి. మన నల్లగొండ ఎండల్లో ఒక్క రోజు కూడా నిలిచేవి కావు. తర్వాత రబ్బరును గంధకంతో ఉడికించే వల్కనైజేషన్ వచ్చింది. ఈ రోజు నేను దీన్ని తొడుక్కోగలుగుతున్నది దాని వల్లనే. తూకం వేయలేదు కానీ, నైలాన్ కోటు కంటే బాగా బరువు. ఆ బరువే నాకు కావాలి. భుజాల మీద ఎవరో రెండు చేతులు వేసి నిలబడ్డట్టు ఉంటుంది. గుండీలు మెడదాకా పెట్టుకుని బండి ఎక్కితే వాన చినుకులు టపటపా కొడుతుంటాయి, లోపల ఒళ్లు పొడిగా, వెచ్చగా ఉంటుంది. ఆశ్లేష కార్తెలో మూడు రోజుల ముసురు పట్టినప్పుడు తోటివాళ్లంతా చిరాకు పడుతుంటే, నేను ఆ ఇరవై అయిదు కిలోమీటర్లు కావాలనే నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చాను.

గ్లౌజుల విషయంలో నా ఎంపిక తప్పు. ఇవి సహజ రబ్బరువి, వేలి కొసల దాకా చర్మంలా కూర్చుంటాయి, అది చూసే తీసుకున్నాను. కానీ పాల కొవ్వు సహజ రబ్బరుకు పడదు. వెన్న సెక్షన్‌లో రెండు వారాలు వాడేసరికి అరచేతులు ఉబ్బి జిగటగా అయ్యాయి.  పైపులు కడిగే కాస్టిక్ సోడా నీళ్లకు పరవాలేదు. డెయిరీలో పనిచేసేవాళ్లు గ్లౌజుల వరకు నైట్రైల్‌వి, అంటే కొవ్వును తట్టుకునే కృత్రిమ రబ్బరువి తీసుకోండి. స్పర్శలో తేడా ఉంటుంది, నాకది తెలుస్తుంది, అయినా చేతుల భద్రతే ముందు. రబ్బరు పాలు (చెట్టు నుంచి కారే లాటెక్స్) పడక దద్దుర్లు వచ్చేవాళ్లు కూడా కొందరుంటారు, వాళ్లు సహజ రబ్బరు జోలికే పోవద్దు.

మే నెలలో ఈ కోటు వేసుకుని ఆరుబయట పనిచేయాలని చూడకండి. లోపలి చెమట బయటికి పోయే దారి లేదు, వడదెబ్బ తగులుతుంది. నేను కొన్న వారంలోనే ఆత్రం కొద్దీ వాన లేని మధ్యాహ్నం వేసుకుని క్యాన్లు దించాను. పావుగంటకు కళ్లు తిరిగి నీడలో కూలబడ్డాను. వాన పడినప్పుడు, కోల్డ్ రూములో, ట్యాంకర్ కడిగేటప్పుడు మాత్రమే ఇది.

షిఫ్టు అయ్యాక చేసే పని నాకు డ్యూటీ అంత ఇష్టం. గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి, మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెడతాను. ఎండ తగిలితే రబ్బరు పగుళ్లు పడుతుంది. కరెంటు మోటారు పక్కన వేలాడదీసినా అంతే, మోటారు నిప్పురవ్వల నుంచి పుట్టే ఓజోన్ దాన్ని తినేస్తుంది. మా సెంటర్‌లో మేకులన్నీ కంప్రెసర్ గదిలోనే ఉంటే, అడిగి స్టోరు గదిలో వేరే మేకు కొట్టించుకున్నాను. పూర్తిగా ఆరాక గ్లౌజుల లోపల టాల్కం పౌడర్ చల్లుతాను. బూట్లను మడిచి ఎప్పుడూ పెట్టను.

ఒక ఆదివారం సాయంత్రం నేనూ నా భార్యా పానగల్లు ఉదయ సముద్రం కట్ట మీదికి వెళ్లాం. వాన మొదలైతే కోటు విప్పి ఆమెకు తొడిగాను. చేతులు పొడుగైపోయి వేళ్లు కనబడలేదు. కాలరు మెడదాకా లేపుకుని, "బరువుంది గానీ మంచిగుంది" అంది. నేను తడిసి ముద్దయ్యాను. ఆ పూట నాకు కోటు వేసుకోవడం కంటే ఆమెను అందులో చూడడమే బాగుంది.

కోటుకు పద్దెనిమిది వందలు అయింది. బేరం ఆడితే వంద తగ్గించాడు. ఆడవాళ్ల సైజు ఉందా అని మొన్న వెళ్లి అడిగాను. హైదరాబాద్ నుంచి తెప్పిస్తానన్నాడు, రెండు వందలు అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను.