కుక్కకు దురద: ముందు తిండి మార్చాలా, ఒళ్లు చూడాలా?

అర్ధరాత్రి గోళ్లు నేలకు తగిలి టకటకమని చప్పుడైతే, మా చిట్టి మళ్లీ గోక్కుంటోందని అర్థం. తోక మొదట్లో వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రగా కమిలిపోయింది. చూసినవాళ్లందరూ కోడిమాంసం ఆపేయమన్నారు. ఆపేశాం. నెల గడిచినా దురద తగ్గలేదు.

పశువైద్యుడు చెప్పాక దాని వీపును సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలినదాన్ని తడి తెల్లకాగితం మీద వేశాను. మిరియాల పొడిలాంటి నల్లటి నలుసులు. కాసేపటికి వాటి చుట్టూ ఎర్రటి మరక తేలింది. మురికి కాదది, మిన్నల్లులు అనే చిన్న పురుగులు తాగి విసర్జించిన రక్తం.

అందుకే ముందు ఒళ్లు చూడడమే మేలంటాను. కుక్కల దురదలో తిండి పడకపోవడం కన్నా మిన్నల్లుల పాత్రే ఎక్కువ. వాటి గుడ్లు ఒంటి మీద నిలవవు, పడకగుడ్డల్లో, చాపల సందుల్లో రాలతాయి. కనుక మందు వేసి ఊరుకుంటే చాలదు, గుడ్డలన్నీ వేడినీళ్లలో ఉతకాలి. ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకూ మందు వేయాలి. పిల్లి ఉంటే దానికి వేరే మందు అడగండి, కుక్కకు వేసేది పిల్లి ప్రాణం తీయవచ్చు. స్నానానికి మన సబ్బు వద్దు, కుక్కల షాంపూ నురుగును 10 నిమిషాలు ఉంచి కడగాలి. వానాకాలంలో వేళ్ల సందులు పొడిగా తుడవాలి. టీ ట్రీ నూనె మాత్రం రాయకండి, నాకితే విషం.

మిన్నల్లులు లేకపోయినా ఏడాది పొడవునా పాదాలు నాకుతుంటే, చెవులు దురద పెడుతుంటే, విరేచనాలూ అవుతుంటే అప్పుడు తిండి సంగతి చూడాలి. ఎక్కువగా పడనివి గొడ్డుమాంసం, పాలు, కోడిమాంసం, గోధుమ. మేం కోడిమాంసం ఆపి పెరుగన్నం పెడుతూనే ఉన్నాం, కాబట్టి ఆ నెల రోజులూ వృథా. చేస్తే పూర్తిగా చేయాలి: ఇంతవరకు తినని ఒకే మాంసకృత్తు, ఒకే పిండిపదార్థం, ఉదాహరణకు చేప, చిలగడదుంప. ఉల్లి, వెల్లుల్లి లేకుండా 8 వారాలు. బిస్కెట్ ముక్క కూడా పెట్టకూడదు. తగ్గాక పాత తిండి పెట్టి చూడండి. సాధారణంగా రెండు వారాల్లోపే దురద తిరిగి వస్తే కారణం అదే. అదే ఇంటి తిండి ఎప్పటికీ పెట్టాలంటే కాల్షియం వంటివి వైద్యుడితో లెక్క కట్టించుకోవాలి.

చర్మం దుర్వాసన వేసినా, చీము కనిపించినా, ఇంట్లో మనుషులకూ దురద మొదలైనా ఇవేవీ ప్రయత్నించకుండా ఆ రోజే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. మనుషులకూ అంటితే అది గజ్జి కావచ్చు.