తక్కెడకు పాసంగం: ఏఎఫ్ ఫైన్ ట్యూన్‌తో ఎనిమిదేళ్లు

2017 ఫిబ్రవరిలో ఖమ్మం దగ్గర ఒక పెళ్లి. జీలకర్ర బెల్లం అయిపోయి తెర తీశారు. పెళ్లికూతురు తలెత్తి చూసింది. ఫోకస్ పాయింటు సరిగ్గా కంటి మీద పెట్టాను, వరసగా నొక్కాను. కెమెరా వెనక స్క్రీన్‌లో అద్భుతంగా ఉంది. ఇంటికొచ్చి సిస్టంలో 100 శాతానికి పెంచి చూస్తే, ముక్కుపుడక రాయిలో పందిరి లైట్లు లెక్కపెట్టొచ్చు, కాటుక మాత్రం నీళ్లలో తడిసినట్టు ఉంది. ఒక ఫొటో కాదు, ఆ వరసలో ఉన్న నలభైకి నలభై అంతే. చెయ్యి వణికితే మొత్తం ఫొటో చెదురుతుంది. మనిషి కదిలితే ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి పోతుంది. ప్రతిసారీ ముక్కు మీదే పడుతోందంటే తప్పు నాది కాదేమో అని మొదటిసారి అనుమానం వచ్చింది. చిన్న ప్రింటులో దాచొచ్చు గానీ, ఆల్బమ్‌లో 12×36 షీటు మీద ఆ కళ్లు ఎక్కడ దాస్తాం?

నా కెమెరా బాడీ నికాన్ డి750. కోఠీలో కొన్నాను. గొడవ పెట్టిన లెన్స్ వేరే కంపెనీది, 50 ఎంఎం ఎఫ్/1.4 (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది). పేరు రాయను, ఎందుకంటే అది ఒక్క కంపెనీ జబ్బు కాదు, అద్దం ఉన్న కెమెరాలన్నిటికీ ఉన్న ఇబ్బందే. అలాంటి అద్దం ఉన్న కెమెరాలో, అంటే డీఎస్ఎల్ఆర్‌లో, ఫోకస్ చూసే సెన్సర్ వేరు, ఫొటో పడే సెన్సర్ వేరు. పెద్ద అద్దం గుండా కొంత వెలుతురు వెనక్కి దిగి, అక్కడున్న చిన్న అద్దానికి తగిలి, కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్ మీద పడుతుంది. ఆ దారి పొడవు, ఫొటో సెన్సర్ దాకా ఉండే దారి పొడవు సమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా కెమెరా 'ఫోకస్ పడింది' అని బీప్ కొడుతుంది, ఫొటోలో మాత్రం పడదు. లెన్స్‌కీ దాని సొంత తేడా కొంత ఉంటుంది. రెండు తేడాలూ ఒకే దిక్కుకి కలిశాయా, మన పని అయినట్టే.

దానికి కంపెనీలే ఇచ్చిన మందు ఈ ఏఎఫ్ ఫైన్ ట్యూన్, ఏఎఫ్ అంటే ఆటోఫోకస్. నికాన్‌లో డి3, డి300 నాటి నుంచి, అంటే 2007 నుంచి ఉంది. క్యానన్ కూడా అదే ఏడాది 1డి మార్క్ 3లో ఇచ్చింది. సెటప్ మెనూలోకి వెళ్లి లెన్స్‌కి −20 నుంచి +20 వరకు ఒక అంకె ఇవ్వడమే. ఫోకస్ ముందు పడుతుంటే ప్లస్, వెనక పడుతుంటే మైనస్. మా నాన్నకి కిరాణా కొట్టు ఉండేది. తక్కెడ సిబ్బెలు సమానంగా లేకపోతే ఒకవైపు చిన్న రాయి కట్టేవాడు, పాసంగం అనేవాడు. ఇది అచ్చం అదే. తక్కెడ బాగవదు, తూకం మాత్రం సరిపోతుంది.

మొదట్లో నేను చేసిన తప్పు చెప్తాను, చాలామంది అక్కడే పడతారు. స్కూలు స్కేలు ఒకటి టేబుల్ మీద ఏటవాలుగా పెట్టి, 15 సెంటీమీటర్ల గీత మీద ఫోకస్ చేసి, ఏ అంకె షార్ప్‌గా వచ్చిందో చూశాను. 13 దగ్గర వచ్చింది. ఓహో అనుకుని +14 పెట్టాను. మర్నాడు మా పాపని తీస్తే కన్ను వదిలేసి చెవికమ్మ షార్ప్‌గా ఉంది! తర్వాత అర్థమైంది. వ్యూఫైండర్‌లో కనిపించే చదరం కంటే ఫోకస్ సెన్సర్ చూసే మేర పెద్దది. నేను 15 మీద పెట్టాననుకుంటే అది పక్కన ఉన్న నల్లటి అంకెని పట్టుకుంది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి వేరు. గోడకి తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, పెద్ద పెద్ద అంకెలతో. దానికంటే మంచి టార్గెట్ నాకు దొరకలేదు. కెమెరాని ట్రైపాడ్ మీద దానికి సూటిగా, లెన్స్ ఫోకల్ లెంగ్త్‌కి యాభై రెట్లు దూరంలో పెడతాను. 50 ఎంఎంకి రెండున్నర మీటర్లు, 85కి నాలుగుంపావు. లెన్స్ పూర్తిగా తెరిచి, మధ్య పాయింటు, సింగిల్ ఏఎఫ్, సెల్ఫ్ టైమర్. ముందు లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్‌లో చూస్తూ, ఫోకస్ చేసి ఒకటి తీస్తాను. లైవ్ వ్యూలో ఈ కెమెరా ఫొటో సెన్సర్‌తోనే ఫోకస్ చూసుకుంటుంది కాబట్టి అద్దాల గొడవ ఉండదు, అదే మన కొలబద్ద. తర్వాత వ్యూఫైండర్‌తో పది తీస్తాను. ప్రతి దానికీ ముందు రింగు చేత్తో తిప్పి ఫోకస్ చెడగొడతాను, ఐదుసార్లు దగ్గరి వైపు నుంచి, ఐదుసార్లు దూరం వైపు నుంచి. ఆ పదీ లైవ్ వ్యూ ఫొటోతో సమానంగా ఉంటే మెనూ జోలికి వెళ్లక్కర్లేదు. పదీ ఒకేలా మెత్తగా ఉంటే ఐదేసి చొప్పున అంకె మారుస్తూ వెతకాలి. పదీ పది రకాలుగా ఉంటే? అప్పుడు ఏ అంకె పెట్టినా లాభం లేదు. అది మోటారు గోలో, లెన్స్ బిగించే మౌంటు గోలో. సర్వీసుకి పంపాల్సిందే.

అలా చూసుకుంటే నా 50కి వచ్చింది +9. పెట్టాక తీసిన మొదటి పెళ్లిలో కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తుంటే నిజంగా కొత్త లెన్స్ కొన్నట్టే అనిపించింది. మీటరు దూరంలో ఎఫ్/1.4 పెడితే లెక్క ప్రకారం షార్ప్‌గా వచ్చే మందం మూడు సెంటీమీటర్ల పైచిలుకు. కంటికీ ముక్కుపుడకకీ మధ్య లోతు కూడా దాదాపు అంతే, కాబట్టి అక్కడ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అదే ఎఫ్/4 పెడితే మందం తొమ్మిది పది సెంటీమీటర్లు అవుతుంది, తప్పు అందులో కలిసిపోతుంది. ఎప్పుడూ ఎఫ్/5.6, ఎఫ్/8లో గ్రూపులు తీసేవాళ్లు ఈ పని పెట్టుకోవడం వృథా శ్రమ అని నా ఉద్దేశం.

ఇంకో మాట, నా దగ్గరున్న ఐదు లెన్స్‌లలో దీని అవసరం పడింది ఒక్కదానికే. నికాన్ 85 ఎంఎం ఎఫ్/1.8కి సున్నా దగ్గరే సరిగ్గా ఉంది. నికాన్ మాన్యువల్‌లోనే చెప్తారు, చాలా సందర్భాల్లో దీన్ని వాడమని సిఫారసు చెయ్యం, అవసరమైతేనే వాడండని. నేను అది చదివింది మూడేళ్ల తర్వాత!

ఎనిమిదేళ్లలో బయటపడ్డ లోపాలు కూడా ఉన్నాయి. ఆ +9 రెండున్నర మీటర్ల దగ్గర తీసింది. పది మీటర్ల అవతల నిలబడ్డ మనిషికి అది ఎక్కువైంది, వెనక గోడ షార్ప్‌గా వచ్చింది. ఒకే అంకె అన్ని దూరాలకీ నప్పదు. సిగ్మా, టామ్రాన్ యూఎస్‌బీ డాక్‌లు అమ్మేది ఇందుకే. వాటితో దూరాన్ని బట్టి వేరు వేరు అంకెలు లెన్స్‌లోనే రాయొచ్చు. నా లెన్స్‌కి ఆ సౌకర్యం లేదు. మధ్యే మార్గంగా +7కి దించాను, నేను తీసేవి ఎక్కువ దగ్గరి మొహాలే కాబట్టి. జూమ్‌లతో ఇంకా చిక్కు. డి750లో ఒక్కో రకం లెన్స్‌కి ఒక్క అంకే పడుతుంది. 24-70 జూమ్‌ని 24 ఎంఎం దగ్గర సరిచేస్తే 70 దగ్గర తప్పుతుంది. క్యానన్ 5డి మార్క్ 3లో వైడ్‌కీ టెలీకీ విడిగా ఇవ్వొచ్చు. అది చూసి కొంచెం కుళ్లుకున్న మాట నిజం.

వెలుతురు సంగతి మరీ విచిత్రం. పగటి ఎండలో సరిపోయిన అంకె, రాత్రి రిసెప్షన్‌లో పసుపు లైట్ల కింద మూడు నాలుగు తేడా చూపించింది. అందుకే ఇప్పుడు పరీక్ష ఎప్పుడూ కిటికీ వెలుతురులోనే చేస్తాను, రాత్రి ఫంక్షన్‌లలో ఎఫ్/2 కంటే తెరవను. ఒకసారి మౌంటు రిపేరుకి వెళ్లొచ్చాక +7 కాస్తా +3 అయింది. అప్పటి నుంచి పెళ్లిళ్ల సీజన్‌కి ముందు ఓసారి క్యాలెండర్ ముందు కూర్చోవడం అలవాటైంది. మా ఆవిడ దాన్ని 'క్యాలెండర్ పూజ' అంటుంది. రెండు గంటలు పడుతుంది, అబద్ధమెందుకు.

నికాన్ డి500, డి5 వాడేవాళ్లకి ఇంత ప్రయాస లేదు. లైవ్ వ్యూలో ఫోకస్ చేసి, ఏఎఫ్ మోడ్ బటనూ వీడియో రికార్డ్ బటనూ కలిపి రెండు సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే కెమెరానే అంకె తేలుస్తుంది. అయినా ఒకసారి చేసి నమ్మొద్దు, పదిసార్లు చేసి నడిమిది తీసుకోవాలి. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఫోకస్ చూసేది ఫొటో సెన్సరే కాబట్టి ఈ తలనొప్పి దాదాపు లేదు. కొత్తగా కొనేవాళ్లు ఇదంతా చదవక్కర్లేదు కూడా. కానీ సెకండ్ హ్యాండ్‌లో డీఎస్ఎల్ఆర్‌లు ఇప్పుడు చవగ్గా దొరుకుతున్నాయి, కుర్రాళ్లు వాటితోనే మొదలుపెడుతున్నారు.

నేను లెన్స్ హుడ్ మీద తెల్ల టేపు అంటించి '+3' అని రాసుకున్నాను. మొన్న మా ఊరి కుర్రాడొకడు ఒక పెళ్లికని ఆ లెన్స్ అడిగి పట్టుకెళ్లాడు. టేపు చూసి, అన్న అన్నీ సెట్ చేసే ఇచ్చాడనుకుని, తన బాడీలో కూడా +3 పెట్టేసి రోజంతా తీశాడు. మర్నాడు పొద్దున్నే లెన్స్ చేతిలో పెట్టి, మొహమాటపడుతూ, "అన్నా, ఏమనుకోకు, నీ లెన్స్ ఎక్కడో దెబ్బ తింది" అన్నాడు. వాడి బాడీలో మెనూ తెరిచి ఆ అంకె సున్నా చేసి, ఇద్దరం క్యాలెండర్ ముందు కూర్చున్నాం. వాడి కెమెరాకి తేలింది −2.