అటోమియమా, సియాటిల్ సైన్స్ పెవిలియనా?

రెండింటిలో ఏది చూడాలి? రెండూ ఎక్స్‌పోల (ప్రపంచ ప్రదర్శనల) కోసం కట్టిన భవనాలే: బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో అటోమియం 1958లో, అమెరికాలోని సియాటిల్‌లో సైన్స్ పెవిలియన్ 1962లో.

రూపం: అటోమియం అంటే 16,500 కోట్ల రెట్లు పెంచిన ఇనుప స్ఫటికం నమూనా. 9 గోళాలు, 102 మీటర్ల ఎత్తు. సియాటిల్‌లో ఆర్కిటెక్ట్ మినోరు యమసాకి కొలనుల మధ్య తెల్లటి సన్నని తోరణాలు నిలబెట్టాడు. జల్లెడలా ఉంటాయి, వాటి గుండా ఆకాశం కనిపిస్తుంది. నా మనసు దీని మీదే.

ఖర్చు: లోపలికి రెండుచోట్లా టికెట్టే. అటోమియాన్ని బయటి నుంచి ఊరికే చూడొచ్చు.

శ్రమ: అటోమియంలో గోళాలను కలిపే గొట్టాల్లో మెట్లు, ఎస్కలేటర్లు, మోకాళ్ల నొప్పులుంటే కష్టం.

రిస్క్: మబ్బు పడితే అటోమియం పైనుంచి దృశ్యం పోతుంది. సియాటిల్‌లో మరమ్మతులున్నాయేమో ముందే కనుక్కోండి.

పిల్లలుంటే సియాటిల్, ఇప్పుడది పసిఫిక్ సైన్స్ సెంటర్. యూరప్ ట్రిప్‌లో ఒక్క పూటే దొరికితే అటోమియం.