ఒక్కరా, ఇద్దరా? పాలమూరు, నల్లగొండ రోడ్లకు వంద సీసీ బండి

షోరూమ్‌లో అడుగుపెట్టగానే అందరి నోట వచ్చే మాట "ఎంతిస్తది?" అనే. ముందు ఆ లెక్కే తేల్చుకుందాం. మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ, న్యూటౌన్, గడియారం చుట్టూ రోజుకు 20 కిలోమీటర్లు తిరిగే మనిషి 26 పనిదినాల్లో నడిపేది 520 కిలోమీటర్లు. లీటరుకు 65 ఇచ్చే బండికి 8 లీటర్లు పడుతుంది, 60 ఇచ్చేదానికి 8.7 లీటర్లు. తేడా ముప్పావు లీటరు కూడా లేదు, నెలకు వంద రూపాయల లోపే. ఆ వంద కోసం నప్పని బండి తీసుకుని ఏళ్లకేళ్లు నడుం పట్టుకుని తిరగడం దండుగ. మైలేజ్‌లో వంద సీసీ బండ్లన్నీ అటూఇటుగా ఒకటే. చూసుకోవాల్సింది రెండు సంగతులు: వెనక రోజూ ఎవరైనా కూర్చుంటారా, పోయే తొవ్వ ఎట్లాంటిది.

హీరో స్ప్లెండర్ ప్లస్‌తో మొదలుపెట్టక తప్పదు. 97.2 సీసీ, నాలుగు గేర్లు, 112 కిలోలు, 9.8 లీటర్ల ట్యాంకు. దీని అసలు బలం ఇంజిన్ ఒక్కటే కాదు, దేవరకద్రలోనో మునుగోడులోనో రోడ్డు పక్క మెకానిక్ కూడా కళ్లు మూసుకుని విప్పి బిగించగలడు. పార్టులు ఊరూరా దొరుకుతాయి. అమ్మేటప్పుడు బేరం ఎక్కువ తగ్గదు. 18 అంగుళాల చక్రాలు కాబట్టి గుంతలో పడ్డా 17 అంగుళాల చక్రమంత లోతుకు దిగదు. సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, పొట్టివాళ్లకూ కాళ్లు ఆనతాయి.

హోండా షైన్ 100 బరువు 99 కిలోలే. ఇరుకు సందుల్లో తిప్పుకోవడానికి, స్టాండ్ వేయడానికి ఆ తేడా చేతికి తెలుస్తుంది. కాగితం మీద దీని టార్క్ (బండిని లాగే బలం), స్ప్లెండర్ టార్క్ ఒకటే, 8.05 న్యూటన్ మీటర్లు. కానీ స్ప్లెండర్ ఆ బలం 6000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఇస్తే, షైన్ 5000 దగ్గరే ఇస్తుంది. అంటే స్పీడ్ బ్రేకర్ దాటాక, ఆటో వెనక నిమ్మళంగా పోతున్నప్పుడు మాటిమాటికీ గేరు తగ్గించే పని తప్పుతుంది. టౌన్లో ఒంటరిగా తిరిగేవాళ్లకు మా ఓటు దీనికే. ట్యాంకు మాత్రం 9 లీటర్లే.

పల్లె నుంచి టౌన్‌కు మట్టిబాట, కంకర తేలిన రోడ్డు మీద వచ్చేవాళ్లు బజాజ్ ప్లాటినా 100 చూడాలి. మెత్తని సస్పెన్షన్, పొడుగు సీటు, 11 లీటర్ల ట్యాంకు దీని సొత్తు. సీటు 807 మిల్లీమీటర్లు, ఎక్కి కాళ్లు ఆనుతున్నాయో లేదో చూసుకునే తీసుకోండి. హీరో హెచ్ఎఫ్ డీలక్స్ అంటే స్ప్లెండర్ ఇంజినే, తక్కువ హంగులతో. చేతిలో పైసలు తక్కువుంటే అదీ మంచి బండే.

ఇగ ఇద్దరి సంగతి. మహబూబ్‌నగర్ నుంచి పోలేపల్లి సెజ్‌కో, నల్లగొండ నుంచి నార్కట్‌పల్లికో రోజూ ఇద్దరు పోయేదుంటే వంద సీసీ వద్దు. హైవే మీద లారీని దాటేటప్పుడు ఫుల్ థ్రాటిల్ తిప్పినా బండి కదలదు, ఆ తిప్పుడుతో మైలేజ్ కూడా పోతుంది. షైన్ 125 లాంటి బండిలో 11 న్యూటన్ మీటర్ల టార్క్, ఐదో గేరు ఉంటాయి. డిస్క్ బ్రేకు రకమే తీసుకోండి. ఇద్దరి బరువుతో వేగంగా పోయే చోట ముందు డిస్క్ అవసరం, షోకు కాదు.

చిన్న బండ్లకు కాంబీ బ్రేకు ఉంటుంది. కాలి బ్రేకు తొక్కితే వెనకదానితో పాటు ముందు డ్రమ్ము కూడా కొంత పట్టుకుంటుంది. డ్రమ్ములోని బ్రేకు షూలు అరిగినప్పుడు వెనక రాడ్ నట్టు ఒక్కటే బిగించి పంపిస్తే ముందుది సరిగా పట్టదు. రెండూ సరిచేయించాలి. డ్రమ్ము ప్లేటు మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడు ఆ బాణం హద్దు గీతను చేరిందంటే బిగింపుతో పని కాదు, షూలు మార్చాల్సిందే.

స్ప్లెండర్ చెయిన్ కవర్‌కు కింద నల్ల రబ్బరు మూత ఉంటుంది. అది తీసి వేలితో చెయిన్ పైకీ కిందికీ ఆడించండి. 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడితే సరి. అంతకన్నా వదులైతే గేరు మార్చినప్పుడల్లా టక్కుమంటుంది. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి, మైలేజ్ కూడా పడిపోతుంది. చెయిన్‌కు గ్రీజు పూయొద్దు, మన దుమ్ము దానికి అతుక్కుని సానరాయిలా చెయిన్ చక్రాల పళ్లను తినేస్తుంది. 90 నంబరు గేర్ ఆయిల్ చాలు.

హీరో బండ్లలో వచ్చే ఐ3ఎస్ ఏర్పాటు ఉన్న బండిని న్యూట్రల్ చేసి క్లచ్ వదిలితే కొన్ని సెకన్లకు ఇంజిన్ ఆగిపోతుంది, క్లచ్ పట్టగానే మళ్లీ అందుకుంటుంది. పొడుగు సిగ్నళ్ల దగ్గర పెట్రోలు మిగులుతుంది. కానీ రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగితే సెల్ఫ్ వాడకం ఎక్కువ, చార్జింగ్ తక్కువ, బ్యాటరీ నీరసిస్తుంది. అట్లాంటివాళ్లు ఐ3ఎస్ స్విచ్ ఆపేసుకోవడమే మంచిది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో పెట్రోలు పంపును చల్లబరిచేదీ పెట్రోలే. ఎప్పుడూ రిజర్వు మీద నడిపితే పంపు తొందరగా పోతుంది, అది ఖరీదైన పార్టు.

చక్రాల సంగతి చాలామంది పట్టించుకోరు. చెరువుకట్టల మీద, ఊళ్ల అంచుల్లో సర్కారు తుమ్మ ముళ్లు కోకొల్లలు. అల్లాయ్ చక్రం, ట్యూబ్‌లెస్ టైరు ఉంటే ముల్లు దిగినా మెల్లగా ఇంటిదాకా వస్తారు. ట్యూబు టైరైతే అక్కడే ఆగిపోవాలి.

మైలేజ్ కొలవాలంటే మీటరును నమ్మకండి. ఒకే బంకులో ట్యాంకు మెడదాకా నింపి, 300 కిలోమీటర్లు తిరిగి, మళ్లీ అంతే నింపండి. 4.8 లీటర్లు పడితే 62.5 ఇచ్చినట్టు.

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అంతకు ముందటి ధరలు చూసి బేరం మొదలుపెట్టకండి. ఆన్‌రోడ్ ధరను విడివిడిగా రాయించుకోండి: బండి, లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్. హ్యాండ్లింగ్ చార్జీ అని కనపడితే దేనికో చెప్పమనండి, మీకు అక్కర్లేనిదైతే తీసేయమనండి. గార్డు, సీటు కవరు బయట కొనుక్కోవచ్చు.

డెలివరీ రోజు టైరు పక్కన నాలుగంకెలు చదవండి. 3425 అంటే 2025లో 34వ వారం తయారైంది. ఏడాది పాతదైతే వేరే బండి చూపించమనండి. చాసిస్ నంబరు కాగితంలోదీ, ఫ్రేమ్ మీదదీ ఒకటేనా చూసుకున్నాకే సంతకం పెట్టండి.