జాగ్రత్త: “నూరు శాతం ప్లేస్‌మెంట్” అనే యోగా టీచర్ ట్రైనింగ్‌కు అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. కోపం కాస్త చల్లారాక రాద్దామనుకున్నాను. కానీ ఈ రోజు పొద్దున్నే వాళ్ల కొత్త బ్యాచ్ పోస్టర్ మళ్లీ మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి వచ్చింది. అదే ఫొటో, అవే మాటలు. “200 గంటల ఇంటర్నేషనల్ సర్టిఫికెట్, ఆయుష్ గుర్తింపు, నూరు శాతం ప్లేస్‌మెంట్, నెలకు 50 వేల దాకా సంపాదన.” కింద మా కాలనీ ఆవిడ ఒకరు “మా కోడలిని చేర్పిద్దామనుకుంటున్నాను, ఎలా ఉంటుంది?” అని అడిగారు. ఇక ఆగలేకపోయాను.

సెంటర్ పేరు రాయడం లేదు. ఫిర్యాదు వేస్తున్నాం కాబట్టి ఇప్పుడే పేరు పెట్టొద్దని మా బాబాయ్ చెప్పారు, ఆయన వకీలు. హైదరాబాద్‌లో మియాపూర్ వైపు, కింద టిఫిన్ సెంటర్, పైన రెండు అంతస్తులు. పోస్టర్ చూసినవాళ్లకు ఎవరి గురించో అర్థమైపోతుంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మెడికల్ కోడింగ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. నడుము నొప్పి పట్టుకుంటే యోగాకు వెళ్లాను, నొప్పి తగ్గింది, దాని మీద ఇష్టం పెరిగింది. ఇదే నేర్పుతూ బతకాలనుకున్నాను. మా ఆయన కూడా సరేనన్నారు. ఉద్యోగం మానేసి 65 వేలు కట్టి చేరాను. మధ్యలో “ఇంటర్నేషనల్ రిజిస్ట్రేషన్” పేరుతో ఇంకో 9 వేలు తీసుకున్నారు.

ఆసనాలు చేయించిన మేడమ్ మంచి మనిషి, ఆ మాట చెప్పకపోతే తప్పు. సూర్య నమస్కారంలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఎక్కడ వదలాలో ఓపిగ్గా చెప్పేది. ఆమె కూడా మధ్యలోనే మానేసింది. జీతం రాలేదని తర్వాత తెలిసింది. మిగతా కోర్సు అంతా తూతూమంత్రమే. యోగా స్కూళ్లను నమోదు చేసుకునే యోగా అలయన్స్ అనే సంస్థ లెక్క ప్రకారం 200 గంటల కోర్సులో అనాటమీ, ఫిజియాలజీకే 30 గంటలు ఉండాలి. మాకు ఒక పీడీఎఫ్ పంపారు, కొన్ని వీడియోలు చూడమన్నారు, తర్వాత గంటల షీట్ మీద అందరిచేతా సంతకాలు పెట్టించారు. ఎవరికి ఏ ఆసనం చేయించకూడదో ఒక్క క్లాసులో కూడా సరిగ్గా చెప్పలేదు. అది ఎంత ముఖ్యమో అసలు మనుషుల ముందు నిలబడితే గానీ తెలియదు.

ఆ నిలబెట్టడమే వాళ్ల “ప్లేస్‌మెంట్”. కోర్సు సగంలో ఉండగానే మమ్మల్ని అపార్ట్‌మెంట్లకు పంపడం మొదలుపెట్టారు. “ఇది మీ ప్రాక్టికమ్, మీకు అనుభవం వస్తుంది” అన్నారు. నాకు కొండాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ ఇచ్చారు. పొద్దున ఐదున్నరకు క్లాసు, అంటే నాలుగున్నరకు ఇంటి నుంచి బయల్దేరాలి. ఆ వేళకు మెట్రో ఉండదు, బండి మీదే పోవాలి. పెట్రోలు నాది, మ్యాట్లు మోసుకెళ్లేది నేను. డబ్బు మాత్రం పైసా లేదు. ట్రైనింగ్‌లో భాగం కదా అనుకుని మాట్లాడలేదు.

అక్కడ ఒక పెద్దావిడ వచ్చేవారు. అరవై దాటి ఉంటాయి. ముందు వరుసలో గోడ పక్కన మ్యాట్ వేసుకునేవారు. సెంటర్ మాకు ఒక సీక్వెన్స్ కాగితం ఇచ్చింది, అందులో సర్వాంగాసనం (భుజాల మీద ఆని కాళ్లు పైకెత్తేది), ఆ వెంటనే హలాసనం (ఆ కాళ్లను తల వెనక్కి వేసేది). “కాగితం దాటి పోవద్దు, అన్ని చోట్లా ఒకేలా ఉండాలి, అది మన బ్రాండ్” అని గట్టిగా చెప్పారు. ఆ రోజు ఆవిడ కాళ్లు వెనక్కి వేసి, లేచేసరికి ముఖం ఎర్రగా కందిపోయింది. గోడ పట్టుకుని “కళ్లు తిరుగుతున్నాయమ్మా” అన్నారు. కూర్చోబెట్టి అడిగితే, రోజూ బీపీ మాత్ర వేసుకుంటారట. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లకు, గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లకు, మెడ అరుగుదల ఉన్నవాళ్లకు తలకిందుల ఆసనాలు చేయించకూడదన్నది యోగా నేర్పేవాళ్లు మొట్టమొదట తెలుసుకోవాల్సిన విషయం. చేరేటప్పుడు ఆవిడను ఒక్క ప్రశ్న అడిగే ఫారం కూడా సెంటర్ పెట్టలేదు. నీళ్లు తాగి కాసేపటికి తేరుకున్నారు, దేవుడి దయ. ఆ రోజు ఇంటికొచ్చాక నాకు అన్నం సహించలేదు. ఆ కాగితం చించేసి, మర్నాటి నుంచి కుర్చీ ఆసనాలు, ప్రాణాయామం కలిపి నాకు తెలిసినంతలో చేయించాను.

ఆ పెద్దావిడే నాకు కళ్లు తెరిపించారు. ఒకరోజు క్లాసు అయ్యాక కాఫీ ఇచ్చి, “ఏమ్మా, ఇంత దూరం నుంచి వస్తున్నావు, జీతం గిట్టుబాటు అవుతోందా?” అన్నారు. జీతం లేదండీ, ట్రైనింగ్ అన్నాను. ఆవిడ నా ముఖం వైపు అలా చూసి, లోపలికి వెళ్లి ఫోన్ తెచ్చి అసోసియేషన్ లెక్క చూపించారు. యోగా క్లాసులకు నెలకు 32 వేలు, సెంటర్ ఖాతాలోకి. “సీనియర్ సర్టిఫైడ్ టీచర్” అని బిల్లు మీద రాసి ఉంది. ఆ సీనియర్ టీచర్ నేనే. మా బ్యాచ్‌లో దాదాపు అందరూ ఇలాగే ఎక్కడో ఒకచోట పొద్దున్నే ఉచితంగా నేర్పుతున్నాం. అంటే మా దగ్గర ఫీజు, మా పేరు మీద అపార్ట్‌మెంట్ల దగ్గర ఫీజు, రెండు వైపులా వాళ్లకే. కోర్సు అయిపోగానే మేము బయటికి, కొత్త బ్యాచ్ లోపలికి. ప్లేస్‌మెంట్ ఎందుకు నూరు శాతమో నాకప్పుడు అర్థమైంది.

అడుగుదామని సాయంత్రం సెంటర్‌కు వెళ్లాను. సెంటర్ నడిపే ఆయన్ని అందరూ గురూజీ అంటారు. ఆ రోజు కొత్తవాళ్లకు ఫ్రీ డెమో ఉంది. హాలులో ఇరవై మంది దాకా మ్యాట్ల మీద కూర్చున్నారు. నేను పక్కన ఆగి, అయ్యాక మాట్లాడదామని నిలబడ్డాను. ఆయనే చూసి పిలిచారు, “రామ్మా, మా స్టూడెంట్, ఇప్పుడు కొండాపూర్‌లో టీచర్” అని వాళ్లకు పరిచయం చేశారు. నా కష్టాన్ని చూపించి ఇంకో ఇరవై మంది దగ్గర అడ్వాన్స్ తీసుకోవాలని అన్నమాట. నాకు ఒళ్లు మండింది. “గురూజీ, అక్కడ అసోసియేషన్ నెలకు 32 వేలు కడుతోంది, అందులో నాకెంత వస్తుందో వీళ్లకు కూడా చెప్పండి” అన్నాను.

హాలు అంతా నిశ్శబ్దం. ఆయన ముఖంలో చిరునవ్వు పోలేదు. కళ్లు మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా అన్నారు: “చూడండి, అపరిగ్రహం గురించి ఇప్పుడే చెప్పుకున్నాం. ఆశ వదలడం. ఈ అమ్మాయికి అన్నీ నేర్పాను, అది ఒక్కటి ఎక్కలేదు.” తర్వాత నా వైపు తిరిగి, అప్పటిదాకా “మీరు” అన్న మనిషి, “నీకు శరీరం వంగుతుంది గానీ మనసు వంగదు. డబ్బు లెక్కపెట్టుకునేవాళ్లకు యోగా రాదు. నీకు సర్టిఫికెట్ ఇచ్చే ముందు నేను ఆలోచించాలి” అన్నారు.

మా బ్యాచ్ అమ్మాయి ఒకతి అక్కడే అటెండెన్స్ రాస్తోంది. జనగామ నుంచి వచ్చి హాస్టల్‌లో ఉంటోంది, వాళ్ల నాన్న అప్పు చేసి ఫీజు కట్టాడు. పైగా ఆ పిల్ల డిగ్రీ ఒరిజినల్స్ “వెరిఫికేషన్” అని వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. తల ఎత్తలేదు. పెన్ను పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. నాకు ఆయన మాటల కన్నా అది చూసి ఎక్కువ బాధ కలిగింది.

యమ నియమాల్లో అపరిగ్రహం ఉంది, నిజమే. యోగ సూత్రాలు రాసిన పతంజలి ఐదు యమాలు, అంటే పాటించాల్సిన కట్టుబాట్లు, చెప్పాడు: అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. అస్తేయం అంటే పరుల సొత్తు తీసుకోకపోవడం. సత్యం సంగతి చెప్పక్కర్లేదు. మిగతావి వదిలేసి చివరిది మాత్రం జీతం అడిగినవాళ్ల నోరు మూయించడానికి వాడటం నాకు సహించరానిదిగా ఉంది. ఇంటి అద్దె కట్టుకోవాలి, పిల్లల ఫీజులు కట్టుకోవాలి, ఆ డబ్బు అడిగితే యోగా రాదా? టీచర్ కడుపు నిండకుండా ఆ క్లాసు ఎన్నాళ్లు నడుస్తుంది?

నేను ఇంటికి చేరేలోపే నన్ను మా బ్యాచ్ గ్రూపు నుంచి తీసేశారు. రాత్రి ఆఫీసు అమ్మాయి ఫోన్ చేసి, సర్టిఫికెట్ కావాలంటే ఇంకో ఆరు నెలలు “సేవ” చేయాలని, బయట నేర్పితే బాండ్ ప్రకారం లీగల్ నోటీసు వస్తుందని చెప్పింది. చేరేటప్పుడు కాగితాల కట్టలో ఒక బాండ్ పెట్టారు: రెండేళ్ల దాకా ఐదు కిలోమీటర్ల లోపు ఎక్కడా యోగా నేర్పకూడదని. దానికి భయపడి మా వాళ్లలో కొందరు ఇంట్లో కూడా క్లాసులు పెట్టుకోవడం లేదు. బాబాయ్‌కు చూపిస్తే, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ చదివి వినిపించారు. చట్టబద్ధమైన వృత్తి చేసుకోకుండా మనిషిని కట్టిపడేసే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. మా బ్యాచ్ వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఆ టెన్షన్ పెట్టుకోకండి, ధైర్యంగా క్లాసులు మొదలుపెట్టండి.

ఆ “గుర్తింపుల” సంగతి కూడా తేల్చుకున్నాను. రిసెప్షన్ వెనక ఫ్రేము కట్టించి పెట్టిన “కేంద్ర ప్రభుత్వ గుర్తింపు” దగ్గరికెళ్లి చదివితే ఉద్యమ్ రిజిస్ట్రేషన్. చిన్న వ్యాపారం ఉన్నవాళ్లు ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చేసుకునే నమోదు అది. యోగా నేర్పే అర్హతకూ దానికీ సంబంధం లేదు. యోగా అలయన్స్ అమెరికాలోని ఒక సంస్థ, మన ప్రభుత్వానిది కాదు. దాని దగ్గర నమోదైన స్కూల్లో 200 గంటలు చేస్తేనే పేరు పక్కన ఆర్‌వైటీ-200 (రిజిస్టర్డ్ యోగా టీచర్) అని పెట్టుకోవడానికి వీలుంటుంది. ఆ స్కూళ్ల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. నేను వెతికాను, ఈ సెంటర్ అందులో లేదు. మరి నా 9 వేలు ఎక్కడ రిజిస్టర్ చేశారో వాళ్లే చెప్పాలి. ఆయుష్ విషయానికొస్తే, అది యోగా, ఆయుర్వేదం లాంటివి చూసే కేంద్ర మంత్రిత్వ శాఖ, దాని కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు ఉంది. అది మనిషికి థియరీ, ప్రాక్టికల్ పరీక్ష పెట్టి, పాసైతే సర్టిఫికెట్ ఇస్తుంది. అందులో యోగా ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్, దాని తర్వాత యోగా వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్, ఆపైన ఇంకా మెట్లు ఉన్నాయి. సెంటర్ ప్రింట్ చేసి ఇచ్చే కాగితం ఆ సర్టిఫికెట్ కాదు. నేను ఇప్పుడు ఆ పరీక్షకే చదువుతున్నాను.

పద్మారావునగర్‌లో చాలా ఏళ్లుగా నేర్పుతున్న ఒక మేడమ్ దగ్గర అసిస్టెంట్‌గా చేరాను. మొదటి నెలే చేతిలో కొంత డబ్బు పెట్టారు. ఈ వృత్తి లెక్క ఆవిడ దగ్గరే అర్థమైంది. మన ఊళ్లో జనం యోగాకు వచ్చేది పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది వరకు, మళ్లీ సాయంత్రం. ఎంత పరిగెత్తినా రోజుకు మూడు నాలుగు క్లాసులే. ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి పెట్టుకుంటే ట్రాఫిక్‌లోనే ప్రాణం పోతుంది. అందుకని నడిచి వెళ్లే దూరంలోనే బ్యాచ్‌లు పెట్టుకోమన్నారు. జూన్ 21 యోగా డే ముందు కంపెనీలన్నీ ఫోన్లు చేస్తాయి, ఆ తర్వాత పలకవు. పరీక్షల సీజన్‌లో, వేసవి సెలవుల్లో సగం మంది రారు, కాబట్టి ఫీజు మూడు నెలలకు ఒకసారి తీసుకోవాలి. గొంతు పోయినా, నడుము పట్టినా మన బదులు నిలబడే మనిషి ఒకరు ఉండాలి. ప్రతి క్లాసులో మనమే అన్ని ఆసనాలు చేసి చూపిస్తే కొన్నేళ్లకే కీళ్లు అరిగిపోతాయి, నోటితో చెప్పి చేయించడం నేర్చుకోవాలి. ఇవేవీ ఆ 65 వేల కోర్సులో ఒక్కరు కూడా మాకు చెప్పలేదు.

చేరాలనుకునేవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. పాత బ్యాచ్ వాళ్ల నంబర్లు సెంటర్‌ను అడగకుండా బయట వెతికి పట్టుకుని, ఇప్పుడు ఎంత సంపాదిస్తున్నారో నేరుగా అడగండి. ప్లేస్‌మెంట్ అంటే జీతం ఎంత, ఎవరు ఇస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లకు కూడా ఒక మాట: మీ దగ్గరికి వచ్చే టీచర్‌కు ఎంత ముడుతోందో ఒకసారి ఆ టీచర్‌నే అడగండి, మీ పెద్దవాళ్ల బీపీ, మెడ నొప్పి వివరాలు రాసుకుంటున్నారో లేదో చూడండి.

మా బ్యాచ్ వాళ్లు, అంతకుముందు బ్యాచ్‌ల వాళ్లు ఉంటే యూపీఐ స్క్రీన్‌షాట్లు, రసీదులు, ఆ పోస్టర్, బాండ్ కాపీ, గ్రూపు మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయకండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పాం, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా కేసు వేస్తున్నాం. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి, మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు. జనగామ అమ్మాయి ఒరిజినల్స్ కోసం ఈ శనివారం వాళ్ల నాన్నతో కలిసి మేము కొందరం సెంటర్‌కు వెళ్తున్నాం. రాగలిగినవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి. కొత్త బ్యాచ్‌కు ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు మీకు తెలిసి ఉంటే, మిగతా డబ్బు కట్టకముందే ఈ పోస్టు వాళ్లకు పంపండి.