ఎన్విడియా 1050 టీఐ: పోయిందన్న గ్రాఫిక్స్ కార్డే ఇంకా పనిచేస్తోంది

ఒక్కసారి చేత్తో పట్టుకోకుండానే "కార్డు పోయిందన్నా, కొత్తది తీసుకో" అన్న నెల్లూరు షాపాయన మీద నాకింకా కోపం తగ్గలేదు.

కావలిలో పెళ్లి ఆల్బమ్‌లు, వీడియో మిక్సింగ్ నా పని. తెర మీద బొమ్మ వేసే ఈ 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు పాత కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా నడిచింది. 75 వాట్లే కాబట్టి నా మోడల్‌కి విడిగా పవర్ వైరు అక్కర్లేదు, కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద లాగేస్తుంది.

కొత్త కంప్యూటర్ కట్టించి దాన్నే అందులో పెట్టా. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కీబోర్డు లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్‌లో మాత్రం నో సిగ్నల్. ర్యామ్ తీసి పెట్టా, కార్డు కాంటాక్టులు తుడిచా, బోర్డు మీద సెల్లు తీసి బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) రీసెట్ చేశా. బోర్డుకున్న హెచ్‌డీఎంఐలో చూద్దామంటే ప్రాసెసర్ ఇంటెల్ 12100ఎఫ్. చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు, బోర్డు పోర్టులో బొమ్మ రాదు. షాపాయన తీర్పు అప్పుడే వచ్చింది. పాత డబ్బాలో పెడితే అదే కార్డుతో శుభ్రంగా బొమ్మ వచ్చింది. ఆ సంగతి చెబితే "అయితే బోర్డు పోయుంటది" అన్నాడు!

అసలు తేడా వైరులో ఉంది. పాత మానిటర్‌ది హెచ్‌డీఎంఐ, కొత్తదాని పెట్టెలో వచ్చింది డిస్‌ప్లేపోర్ట్ వైరు, అదీ మానిటర్‌కి బొమ్మ పంపేదే కానీ రకం వేరు. ఈ తరం కార్డుల్లో కొన్నిటికి, ఫర్మ్‌వేర్ (కార్డు లోపలే ఉండే ప్రోగ్రామ్) పాతదైతే, డిస్‌ప్లేపోర్ట్ 1.3, 1.4 మానిటర్లతో విండోస్ లోడయ్యేదాకా తెర నల్లగానే ఉంటుంది. ఒక్కోసారి బూట్ అక్కడే ఆగిపోతుంది. నా కొత్త ఎస్‌ఎస్‌డీ స్టోరేజ్‌లో విండోసే లేదు, ఇక తెర వెలిగేదెప్పుడు? హెచ్‌డీఎంఐ వైరు పెట్టగానే బయోస్ ప్రత్యక్షం. విండోస్, డ్రైవర్ వేసి, ఎన్విడియా ఉచితంగా ఇచ్చే ఫర్మ్‌వేర్ టూల్ నడిపాను. అప్‌డేట్ అవసరమా కాదా అన్నది ముందు అదే చూసి చెబుతుంది. (మధ్యలో కరెంటు పోయి, ఇన్వర్టర్ అందుకునేలోపు కంప్యూటర్ ఆగితే కార్డు నిజంగానే పోతుందేమోనని, ఆ పని రాత్రి పెట్టుకున్నా.) రీస్టార్ట్ చేస్తే డిస్‌ప్లేపోర్ట్‌లోనే లోగో వచ్చింది.

1080పీ పనికి ఇప్పటికీ లోటు లేదు. డ్రోన్ వాళ్లు ఇచ్చే 4కే క్లిప్పులు నాలుగు లేయర్లు వేస్తే మాత్రం 4 జీబీ చాలడం లేదు. కొత్త గేములకు తగ్గట్టు వచ్చే డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగాయి, 2028 అక్టోబరు దాకా సెక్యూరిటీ అప్‌డేట్లే. నా పనికీ నా జేబుకీ ఇంకో పెళ్లిళ్ల సీజన్ గడుస్తుంది. ఇప్పుడు డబ్బు పెట్టి కొనమని ఎవరికీ చెప్పను. గేములకెలా ఉంటుందంటారా, మా ఇంట్లో ఆడేవాళ్లు లేరు.