మైక్రోమీటర్ సీటింగ్ డై: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

తూటాలు (కేసులో పేలుడు మందు, దాని మూతిలో బుల్లెట్ ఉన్నవి) సొంతంగా కూర్చుకునేవాళ్లు, బుల్లెట్‌ను కేసు మెడలోకి కొలిచిన లోతుకు దించే మైక్రోమీటర్ సీటింగ్ డై కొనవచ్చా? దూరపు లక్ష్యాల మీద కాల్చేవాళ్లు, ఒకే రైఫిల్‌కు రెండు మూడు రకాల బుల్లెట్లు వాడేవాళ్లు నిస్సందేహంగా కొనవచ్చు. గ్రూపు (లక్ష్యం మీద గుళ్లు పడే చెదురు) చిన్నదవుతుందన్న ఒక్క ఆశతో కొనేవాళ్లు మాత్రం ముందుగా, కాల్చిన కేసును తిరిగి కొలతకు తెచ్చే తమ సైజింగ్ డైని పరీక్షించుకోవాలి. ఎందుకో కింద చెబుతాను.

నేను ఎక్కువగా వాడింది ఫోర్‌స్టర్ అల్ట్రా, రెడ్డింగ్ కాంపిటీషన్ అనే డైలు. మామూలు డైలో బుల్లెట్‌ను కేసు మూతి మీద వేళ్లతో నిలబెట్టి పైకి పంపుతాం. అది కొద్దిగా ఒరిగి ఉన్నా స్టెమ్ (డైలో బుల్లెట్‌ను నొక్కే కడ్డీ) దాన్ని అలాగే లోపలికి నెట్టేస్తుంది. ఈ రెండు డైలలో స్ప్రింగు కింద జారే స్లీవ్ (గొట్టం) ఒకటి ఉంటుంది. ప్రెస్ లివర్ దించుతున్నప్పుడు కేసు ముందు ఆ స్లీవ్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, బుల్లెట్ కూడా అందులోనే నిటారుగా నిలుస్తుంది. ఆ తర్వాతే స్టెమ్ నొక్కడం మొదలుపెడుతుంది. లివర్ మీద ఆ తేడా చేతికి స్పష్టంగా తెలుస్తుంది: మొదట స్ప్రింగు మెత్తదనం, ఆపైన బుల్లెట్ మెడలోకి దిగే నిలకడైన బిగువు. ఒక కేసులో ఆ బిగువు ఎక్కువగానో తక్కువగానో అనిపిస్తే దాన్ని పక్కన పెడతాను. అలాంటివి సాధన కాల్పులకు పోతాయి.

అయితే స్లీవ్ వంకరను సరిచేయదు, కొత్త వంకర రాకుండా చూస్తుంది, అంతే. డయల్ ఇండికేటర్ ఉన్న గేజ్ మీద తయారైన తూటాను తిప్పి, బుల్లెట్ వంకరగా ఉందని డైని తిట్టేవాళ్లను చూస్తుంటాను. సైజ్ చేసిన ఖాళీ కేసును ముందుగా అదే గేజ్ మీద తిప్పి, మెడ దగ్గర ముల్లు ఎంత కదులుతుందో చూడాలి. అక్కడే 0.004 అంగుళం కనిపిస్తే ఎంత ఖరీదైన సీటింగ్ డై అయినా చేయగలిగింది తక్కువ. చాలాసార్లు కారణం ఎక్స్‌పాండర్ బాల్, అంటే సైజింగ్ డైలో మెడను లోపలి నుంచి వెడల్పు చేసే గుండు. లోపల నూనె గానీ గ్రాఫైట్ గానీ లేని మెడలోంచి దాన్ని వెనక్కి లాగితే మెడ పక్కకు వస్తుంది. ఎక్స్‌పాండర్ తీసేసి బుషింగ్ డై (మెడను బయటి నుంచి రింగుతో బిగించేది) వాడడం, లేదా మెడను విడిగా మాండ్రెల్‌తో (లోపలికి దూర్చే నున్నని కడ్డీతో) సరిచేయడం నాకు మంచి ఫలితాన్నిచ్చాయి. మెడలు 0.002 లోపు వచ్చాక చూడండి, స్లీవ్ డై విలువ అప్పుడు తెలుస్తుంది.

మైక్రోమీటర్ తల (స్టెమ్ లోతును గీతల లెక్కన మార్చే తిప్పుడు భాగం) విషయానికొస్తే, దాని అసలు ప్రయోజనం పాత కొలతకు తిరిగి రాగలగడం. ఒక్కో గీత 0.001 అంగుళం, అంటే 0.0254 మిల్లీమీటరు. ప్రతి బుల్లెట్‌కూ ఏ గీత మీద ఏ పొడవు వచ్చిందో పుస్తకంలో రాసుకుంటాను. బుల్లెట్ మార్చినప్పుడు ఆ అంకెకు తిప్పి, ఒక్క తూటా కొలిచి మొదలుపెడతాను. మరలో కొంత వదులు ఉంటుంది కాబట్టి ఎప్పుడూ ఒకే వైపు నుంచి రావాలి: పొడవు ఎక్కువ ఉంచి, కొద్దికొద్దిగా కిందికి. లోతు దాటితే రెండు మూడు గీతలు వెనక్కి వెళ్లి మళ్లీ దిగాలి. ఒక డైలో చదివిన అంకె మరో డైకి పనికిరాదు.

నేను అన్నిటికన్నా ముందు చూసేది స్టెమ్. అది బుల్లెట్‌ను వంపు మీద పట్టుకోవాలి, మొనను తాకకూడదు. ఒకే పెట్టెలోని బుల్లెట్లలో కూడా మొనలు సమానంగా ఉండవు. పొడవైన, సన్నని మొన ఉన్న వీఎల్‌డీ రకం బుల్లెట్లకు మామూలు స్టెమ్‌లోని గుంత చాలక మొన లోపల తగిలిందంటే, మైక్రోమీటర్ ఎంత సూక్ష్మంగా ఉన్నా లోతు మొనను బట్టి మారిపోతుంది. వీటికి వేరే స్టెమ్ దొరుకుతుంది, డైతో పాటే తెప్పించుకోవడం మేలు. పరీక్ష సులభం: బుల్లెట్ ముందు భాగానికి నల్ల మార్కర్ పూసి కూర్చోబెట్టి, దీపం కింద తిప్పి చూడాలి. వంపు చుట్టూ సన్నని, సమానమైన గీత ఉంటే సరే. రాగి తొడుగులోకి దిగిన రింగు కనిపిస్తే స్టెమ్ అంచు పదునుగా ఉందని గానీ, మెడ అతిగా బిగిసిందని గానీ అర్థం. నేను చూసిన ఒక డైలో ఆ అంచు మరీ పదునుగా ఉండేది. నున్నగా పాలిష్ చేశాక రింగు పోయింది. కేసు మూతికి లోపలి వైపు చాంఫర్ పట్టడం (అంచును కొద్దిగా ఏటవాలుగా చెక్కడం) కూడా మరవకూడదు.

ఇంత చేసినా కంపారేటర్‌తో (తూటా పొడవును మొన నుంచి కాక బుల్లెట్ వంపు నుంచి కొలిచే సాధనంతో) కొలిస్తే 0.001 అటూ ఇటూ వస్తుంది. కంపారేటర్ వంపును తాకే చోటు, స్టెమ్ తాకే చోటు ఒకటి కావు. ఆ రెండింటి మధ్య వంపు బుల్లెట్‌కూ బుల్లెట్‌కూ మారుతుంది. ఆ మాత్రం తేడాకు డైని మార్చాల్సిన పని లేదు, కావాలంటే బుల్లెట్లనే కొలిచి వేరు చేసుకోవచ్చు.

పరిమితులు కూడా ఉన్నాయి. మందు నొక్కుకుపోయేలా నిండిన లోడ్లకు ఈ డైలు తగవు, స్టెమ్ దెబ్బతింటుంది. రెడ్డింగ్ కాంపిటీషన్‌లో క్రింప్ (కేసు మూతిని బుల్లెట్ మీదికి నొక్కి బిగించడం) లేదు, కావాలంటే విడిగా డై కొనాలి. లోతు మార్చడమంటే పీడనాన్ని మార్చడమేనని కూడా గుర్తుంచుకోవాలి: బుల్లెట్ లోతుగా దిగితే కేసులో ఖాళీ తగ్గుతుంది, బ్యారెల్ గాడులను ఆనుకునేంత బయటికి ఉంచినా పీడనం పెరుగుతుంది. ప్రచురిత లోడ్ పట్టికలో ఇచ్చిన పొడవును వదిలి జరిగితే మందు తగ్గించి మళ్లీ మొదటి నుంచి రావాలి. ఇందులో నేను ఎవరితోనూ రాజీపడను.

విల్సన్ చేతి డై, దాన్ని నొక్కే చిన్న ఆర్బర్ ప్రెస్ కూడా నా బల్ల మీద ఉన్నాయి. బిగువును చేతికి చెప్పడంలో వాటికి సాటి లేదు. కానీ తూటాలు ఎక్కువ సంఖ్యలో చేయాల్సినప్పుడు నెమ్మదిగా సాగుతాయి, అందుకే రోజువారీ పనికి స్లీవ్ డైనే. దాన్ని అప్పుడప్పుడు విప్పి తుడవాలి: స్లీవ్ లోపల గ్రాఫైట్, ఇత్తడి పొడి చేరితే జారుడు మందగిస్తుంది, కొలతలు చెదరడం అక్కడి నుంచే మొదలవుతుంది.